మొదటి సగం ఎదురుగాలికి

టాస్ గెలిస్తే పరసన్న మాస్టారు
ఎప్పుడూ సముద్రం వైపే చెయ్యి చూపించేవాడు.
ముందు ఎదురుగాలికి ఆడెయ్యండి,
రెండో సగం గాలి మన వీపునుంటాది, అని.
నలభై ఐదు నిమిషాలు ఉప్పు మింగి
వైపులు మార్చుకుని నిలబడితే
సరిగ్గా అప్పుడే, ఐదు కొట్టేసరికి,
గాలి పడిపోయేది.
పెదజాలరిపేటలో పుట్టినవాడికి
ఈ సంగతి తెలీదంటే ఎలా నమ్మడం?

కాగితం మీద ఆయన ఫిజికల్ డైరెక్టరు.
పరీక్షలకి బెంచీలు మోయించడం,
పంద్రాగస్టుకి సున్నం గీతలు,
ప్రిన్సిపాల్ గారమ్మాయి పెళ్ళికి షామియానా గుంజలు.
నాలుగు దాటాకే కోచ్.
మొదటి పదకొండేళ్ళు కాంట్రాక్టు:
జూన్లో రమ్మని ఒక కాగితం,
ఏప్రిల్లో పొమ్మని ఒక కాగితం,
మధ్యలో మేము.

మా గ్రౌండు హార్బరు వైపు వాలు.
వదిలేసిన బంతి దానంతటదే కాలవలో పడేది.
పోర్టు బొగ్గుపొడి దిగి దిగి
డిసెంబరుకల్లా తెల్లబంతి నల్లబడేది,
మా కళ్ళె కూడా.
కిరసనాయిలు గుడ్డతో ఆయనే తుడిచేవాడు,
చిరిగిన వల బాగుచేసినట్టు
విసుగ్గా, ఒక్క కుట్టూ వదలకుండా.

"ఒరే గుంటడా, బంతిని చూడకు,
బంతి అబద్ధవాడతాది. నడుం చూడు.
నడుం ఎటు తిరిగితే మనిషి అటే."
ఇది అందరికీ.
గోలీని నేను, నాకు వేరే పాఠం:
"మడమలు నేలకి ఆనించకు.
ఆనిస్తే నువ్వు గోడవి.
గోడకి జెర్సీ దేనికి?"

ఇరవై తొమ్మిదేళ్ళు. కప్పులు రెండు,
అందులో ఒకటి అవతలి జట్టు రాక వచ్చింది.
ఇంటర్ యూనివర్సిటీ సెమీఫైనలు ఒక్కసారి,
అదీ నా ఎడమచేతి కిందనించి పోయింది.
బస్సులో ఎవరూ నోరు విప్పలేదు.
తునిలో టీకి ఆగినప్పుడు
నా గ్లాసులో ఇంకో చెంచా పంచదార వేయించి
ఆయన వెళ్ళి డ్రైవరు పక్కన కూచున్నాడు.
ఆ గోలు మాట ఇప్పటిదాకా రాలేదు.

హుదూద్ వెళ్ళిన మూడోరోజు చూస్తే
గోలుపోస్టులు రెండూ లేవు.
ఒకటి కాలవలో దొరికింది.
రెండోది ఎవరింటి రేకులకో దూలమైంది.
అడగడానికెళ్ళాడు;
దాని కింద పిల్లలు పడుకుని ఉంటే
చెప్పులు చప్పుడు కాకుండా తిరిగొచ్చాడు.
ఆ ఏడు జట్టంతా ఒకే గోలుకి ఆడింది.

మాలో ఎవడూ ఆటగాడు కాలేదు.
లెఫ్ట్ వింగ్ నూకరాజు వార్ఫులో వించి తిప్పుతాడు,
పాల్సన్‌ది జ్ఞానాపురంలో శవపేటికల దుకాణం,
స్టాపరు చిన్నయ్య ట్రాఫిక్ పోలీసై
మొన్న నాకే చలానా రాశాడు
(నడుం చూసి ఉండాల్సింది).

రిటైరైన రోజు శాలువా కప్పి
రెండు ముక్కలు మాట్లాడమన్నారు.
"స్టోర్లో సున్నం బస్తాలు రెండున్నాయి,
తడవనివ్వకండి," అని కూచున్నాడు.

నిన్న కేజీహెచ్ ఓపీ లైన్లో కనిపించాడు,
చేతిలో కర్ర, జేబులో ఎక్స్‌రే చీటీ.
ఇన్నాళ్ళకి అడిగేశాను:
మాస్టారూ, ఐదుకి గాలి పడిపోద్దని మీకు తెలుసు కదా?
"తెలవకేటి?
వీపున గాలుందనుకుని పరిగెట్టినోడు
లేదని తెలుసుకునేసరికి
సగం దూరం పోయుంటాడ్రా."

లైను కదిలింది.
కర్ర చివరతో నా చెప్పు వెనక
టక్కున తట్టాడు.
"మడమ."