వెనక వైపు ఖాళీ

ఏడు రోడ్ల జంక్షన్‌లో
ఎనిమిదో దారి ఒకటి పడింది.
దాని మీద బస్సు పోదు, ఆటో పోదు.
పొద్దున్నుంచీ శ్రీకాకుళమంతా దాని మీదే పోతోంది.
నా జిరాక్స్ మిషను మాత్రం
గుడ్డ కప్పుకుని కూచుంది.

ఒకప్పుడు
నివాస పత్రం నాలుగు కాపీలు, ఆదాయం మూడు,
కరెంటు బిల్లు, నీటి పన్ను, హాల్ టికెట్టు.
'బేగి తియ్యి బావూ, సారు లేచిపోతాడు'
ఆ తొక్కిడిలో కాయితం
పెనం మీంచి తీసిన అట్టులా
వెచ్చగా చేతికొచ్చేది.
రోజుకి రెండు కట్టలు. వెయ్యి కాయితాలు.

వాటి చెట్టు నాకు తెలుసు.
మా చిన్నాన్న కొడుకు తవిటయ్య
గార దగ్గర ఇసక నేలలో సరుగుడు వేస్తాడు.
నాలుగేళ్లకోసారి లారీ వస్తుంది.
లారీ వెళ్లిపోయాక ఆ చేను
మొక్కు తీర్చుకున్న గుండులా ఉంటుంది.
సముద్రం గాలి అడ్డం లేక ఇంట్లోకొచ్చి
అన్నంలో ఇసక పోస్తుంది.
ఆ ఇసక తిన్నాను, ఆ కాయితం అమ్మాను.
రెండూ ఒకటేనని
ఇరవై రెండేళ్లూ ఎవరూ చెప్పలేదు,
నేనూ అడగలేదు.

ఇప్పుడు బిల్లు ఫోన్లో కడతారు.
అర్జీ ఫోన్లో పెడతారు.
డాక్టరుగారు ఫోన్లోనే నాలిక చూస్తారు.
మా అక్క కూతురు మోహిని
దోమతెరలో కూచుని డిగ్రీ చదువుతోంది.
బస్సు పాసు లేదు, నోట్సు లేదు.
సిగ్నలు పోతే మాత్రం మేడ మీదికి పరిగెత్తి,
నీళ్ల ట్యాంకు పక్కన, ఆరేసిన దుప్పట్ల మధ్య నిలబడి
పాఠాన్ని గాల్లోంచి దించుకుంటుంది.

ఆ పిల్లే నన్నూ చేర్పించింది.
'ఖాళీగా కూకుంటే మిషనుకీ నీకూ తుప్పట్టేస్తాది మామా.'
సోలారు పలకలు బిగించే కోర్సు. ఆరు వారాలు. ఉచితం.
మధ్యాహ్నం రెండింటికి షట్టరు సగం దించుతాను.
పాఠం చెప్పే కుర్రాడికి నా వయసులో సగం.
'నమస్కారం మిత్రులారా' అన్నాడు మొదటిరోజు,
దుకాణంలో ఒక్కణ్ణే
లేచి నిలబడబోయాను.
పరీక్ష ఒకసారి తప్పాను.
ఆ సంగతి ఫోను కడుపులో దాచుకుంది,
అదీ ఒక మర్యాదే.

నష్టమా అంటే, నష్టమే.
చెట్లు మిగిలాయని నా కొట్టు అద్దె తగ్గదు.
ఇంకో సంగతి. ఆ వరసలో నిలబడ్డవాళ్లు
ఒకరి గోడు ఒకరికి చెప్పుకునేవారు.
పొందూరు ఆయనా, నరసన్నపేట ఆవిడా
నా బల్ల దగ్గరే వియ్యంకులయ్యారు.
ఎనిమిదో దారిలో
ఎవరికీ ఎవరూ ఎదురుపడరు.

నిన్న దాలమ్మ వచ్చింది,
బందరువానిపేట నుంచి, రెండు ఆటోలు మారి.
చెంగు ముడి విప్పితే అందులో ఫోను.
'పింఛను పడిందంట. తియ్యి నాయినా.'
ఫోన్లోనే ఉందమ్మా, కాయితం అక్కర్లేదు,
ఇంత దూరం రానూ అక్కర్లేదు అన్నాను,
కోర్సు చదువుతున్నవాణ్ణి గదా.
ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది.
'ఈ అద్దం నల్లబడిపోతే
నా డబ్బులు ఏటైపోతాయి?
సముద్రంలో ఉన్న చేప నాదౌతాదేటి,
బుట్టలో పడాల గానీ.'

ఆ ప్రశ్న
ఆరు వారాల పాఠాల్లో ఎక్కడా లేదు.

మిషను మీద గుడ్డ తీశాను.
దగ్గింది. ఆలోచించింది. వేడెక్కింది.
కొత్త కట్ట విప్పలేదు.
చెడిపోయిన కాయితాల అట్టపెట్టె లోంచి ఒకటి లాగి
వెనక వైపు ఖాళీగా ఉంటే, దాని మీద తీశాను.
ముందు వైపు ఎవరిదో
రెండువేల పదిహేడు నాటి అర్జీ,
సంతకం పెట్టకుండానే వెళ్లిపోయినట్టున్నాడు.

దాలమ్మ దాన్ని చెంపకి ఆనించుకుంది.
'వెచ్చగా ఉన్నాది' అంది.
మోహిని చేత ఫోను చదవడం నేర్పిస్తానన్నాను.
'సూద్దాం లే' అంది.

డబ్బులు తీసుకోలేదు.
తీసుకున్నాను, అబద్ధమెందుకు.
రెండు రూపాయలు.
ఫోన్లో కాదు. బిళ్ల.