ఐసు దిమ్మ కరిగేంత సేపు

ఫిషింగ్ హార్బర్. తెల్లవారుజాము మూడున్నర.
మా ఐసు ఫ్యాక్టరీ గదిలో
హుద్‌హుద్ వెళ్ళిన మరుసటేడు కొన్న కంప్యూటరు
మీట నొక్కితే దగ్గుతుంది.
తెర మీద చిన్న సున్నా
గానుగెద్దులా తిరుగుతూనే ఉంటుంది,
చుక్క నూనె రాల్చదు.

చీటీ రానిదే దిమ్మ కదలదు.
దిమ్మ కదలనిదే బోటు కదలదు.
ఒక చీటీ అచ్చయ్యేసరికి నాలుగు నిమిషాలు.
ఈలోగా చెక్కబల్ల మీద జారి కూర్చున్న దిమ్మ
బొటనవేలంత తరిగిపోయేది.
నేను కొలిచి చూశాను, స్కేలుతో.

ఆ నాలుగు నిమిషాల్లోనే
కిటికీ ఊచలు పట్టుకుని మైలపిల్లి దేముడు
భీమిలి అవతల నీళ్ళ రంగు మారిందని చెప్పేవాడు,
వంజరం ఏ లోతున తిరుగుతోందో,
అల్లుడు మళ్ళీ ఎందుకు అలిగాడో.

ఓనరు అన్నాడు:
కొత్తది కొనేది లేదు, ఉన్నదానికే ఊపిరి పోయించు.

పెద జాలరిపేట నుంచి తెడ్డు నూకరత్నం వచ్చింది,
వీపున సంచి, నోట్లో స్క్రూడ్రైవరు.
మూత తీసి నవ్వింది.
"ఓలమ్మ! ఫ్యాను రెక్కకి చేప పొలుసు అంటుకునుందండి.
బూజు కూడా ఉప్పగానే ఉన్నట్టుంది."

పాత ర్యామ్ ముక్క పీకి
దాని బంగారు పళ్ళని
బడిపిల్లల రబ్బరుతో తోమింది.
ఐసు వాసన, డీజిలు వాసన మధ్య
ఒక్క క్షణం మూడో తరగతి వాసన.

"ఇదొకటే సాలదండి, ఇంకోటి గుచ్చాల.
మెమొరీ అంటే మన వేలం బల్లండి.
గోడౌను ఎంతుంటే ఏటి?
బల్ల జానెడే ఉంటే సరుకు ఏడ పరుస్తారు?
ఇంక మీ హార్డ్ డిస్కంటారా,
లోపల ముసలోడొకడు లాంతరట్టుకుని
ఒక్కో చేపా ఎతికి తెస్తన్నాడు."

రెండు, ఎనిమిది అయింది.
ముసలాయన స్థానంలో
అగ్గిపెట్టె కన్నా పలచటి ఎస్‌ఎస్‌డీ.
పాతదాంట్లోంచి కొత్తదాంట్లోకి సరుకెక్కించడానికి
రాత్రంతా పట్టింది.
డాల్ఫిన్స్ నోస్ మీద దీపం తిరుగుతోంది,
తెర మీద శాతాలు పాకుతున్నాయి.

అరవై రెండు దగ్గర ఆగింది.
పాత డిస్కు టిక్కు టిక్కుమని
గుటకలు మింగింది.

"ఒక్క ఫైలు సదవలేకపోతోందండి.
బాకీలు అని ఉంది. వొగ్గీమంటారా?"

బాకీలు.
అందులో అర్జిల్లి పరదేశి పేరున నలభై మూడు దిమ్మలు.
పడవ తిరిగొచ్చింది, అతను రాలేదు.
ఏటా మార్చిలో ఆ గీత దగ్గరికొచ్చి
కొట్టెయ్యలేక, అడగనూ లేక
కింది పేజీకి మోసుకుపోయేవాణ్ణి.

"ఇంకోసారి చూడమ్మా" అన్నాను.
మూడుసార్లు చూసింది.
"వొగ్గీ" అన్నాను.

నలభై మూడు నాకు గుర్తే.
కానీ బుర్రలో ఉన్నదాన్ని
ఎవరూ ప్రింటు తీసిమ్మని అడగరు కదా.

ఇప్పుడు పాత డిస్కు నా బల్ల మీద
సముద్రపు గాలికి చీటీలు ఎగరకుండా
బరువుగా కూర్చుని ఉంది.
ఓనరు రెండుసార్లు వచ్చి చూసి
తన సొంత కొడుకు పరిగెత్తినట్టు మురిసిపోయాడు.

మీట నొక్కాను. పంతొమ్మిది సెకన్లు.
పేరు కొట్టాను. చీటీ వచ్చేసింది.
వరస చకచకా కదిలింది.
దిమ్మలు అంచులు అరగకుండా
నలుచదరంగా బోట్లలోకి దిగాయి.

దేముడు ఊచలు పట్టుకున్నాడు.
"నిన్న యారాడ కొండ దాటాక గురూగారూ..." అన్నాడు.
అప్పటికే ప్రింటరు కాగితం చాచింది.
అతను దాని వంక చూశాడు,
నా వంక చూశాడు,
చెయ్యి చాపాడు.

నేను చీటీ చించలేదు.
"ఆఁ, దాటాక?" అన్నాను.

బయట దిమ్మ కాస్త తరిగింది.
తరగనీ.