రెండో శనివారం, నౌపడా రోడ్డు

విజయనగరంలో ఆరింటికి
కారు అద్దం నిండా మంచు.
పాత చున్నీతో తుడుస్తూ కృపావతి
"రణస్థలం దాకా ఎవరూ ఆకలనకండి" అంది.
నలభై ఆరో ఏట స్టీరింగు పట్టింది.
ఇంకా రివర్సు రాదు.
అందుకే మేం ఎక్కడ ఆగినా
బండి ముక్కు ముందుకే ఉండే చోటు చూసుకుంటాం,
రుచి సంగతి ఆ తర్వాత.

ట్రెజరీ ఆఫీసులో మా ముగ్గురివీ ఒకే వరస బల్లలు.
చలికాలంలో రెండు మూడు శనివారాలు
పొయ్యి ముట్టించకుండా గడప దాటేస్తాం.
ఇంట్లోవాళ్ళు బ్రెడ్డు తింటారు. బతికే ఉంటారు.

రణస్థలంలో రేకుల షెడ్డు, ఇడ్లీ రేకుల ఆవిరి,
బయటి మంచేదో లోపలి పొగేదో తెలీదు.
సన్యాసమ్మ మూడోసారి అల్లం చట్నీ అడిగింది.
ఇంట్లో అందరికీ పెట్టి ఆఖర్న గిన్నె గీరుకునే మనిషి
"ఇంకొంచెం" అన్న మాటని
వేడి ముద్దలా నోట్లో అటూ ఇటూ తిప్పి
మెల్లగా బయటికి వదిలింది.

నరసన్నపేట దాటాక
పక్క రోడ్డు మీద ఉలవ కట్టె పరిచారు.
దాని మీదుగా పోనిచ్చి
మేమూ కాసేపు ఎవరి చేనుకో పని చేశాం.
తేగల కట్ట కొన్నాం. రేగుపళ్ళు కొన్నాం.
కబుర్లలో పడి టెక్కలి మలుపు తప్పాం,
మళ్ళీ తిరిగే చోటు దొరికేసరికి రెండున్నర.

ఉప్పు మళ్ళ గాలి తగులుతుండగా ఒక బోర్డు:
"దాలమ్మ మెస్సు. బోజనం రడీ."
"అయిపోనాదమ్మా," అంది దాలమ్మ
అప్పుడే బల్లలు తుడిచిన గుడ్డ పిండుతూ,
"బేగి రావాల గదేటి?"

కానీ వెనక కట్టెల పొయ్యి మీద
మూత పెట్టిన దాక ఒకటి ఉడుకుతోంది.
సన్యాసమ్మ ముక్కు దాన్ని ముందే పట్టేసింది.
"మరదేటి?"
"అది అమ్మకానికి కాదు. నాకోసరం ఒండుకున్నాను."

వంకాయల్లో ఎండు మెత్తళ్ళు, చిక్కగా.
కుండలో చోడంబలి.
ముగ్గురం బల్ల ముందు నిలబడిపోయాం,
సంతకం కాని ఫైళ్ళలాగ.
ఆమె మమ్మల్ని చూసింది, దాకని చూసింది,
నాలుగు కంచాలు తెచ్చింది.
"పదొమ్మిదేళ్ళయినాది మెస్సెట్టి,
ఈ బల్ల మీద నాను కూకోనేదెప్పుడూ."
కూర్చుంది. కుర్చీ కిర్రుమంది.
కారం నెత్తికెక్కి ఎవరూ మాట్లాడలేదు.
ముళ్ళు ఏరడం మానేసి నమిలేశాం.
కృపావతి అంబలి లోటా ఎత్తి
అడుగు కనబడేదాకా దించలేదు.

ఎంతయిందంటే
"నా కూటికి రేటేటమ్మా?" అని నవ్వింది.
ముప్పై ఏళ్ళుగా బిల్లు లేనిదే పైసా వదలని చేతులు
ఏం చెయ్యాలో తోచక
కడిగిందే మళ్ళీ కడుక్కున్నాయి.

"తేలినీలాపురం పక్షుల్ని చూడ్డానికెళ్తున్నాం," అన్నాను.
"అందరూ అటే ఎల్తారు. మా ఊరి కోడళ్ళకంటే ఆటికే పేరు."
"నువ్వు చూళ్ళేదా?"
"ఎప్పుడు సూడ్ను? ఆటిని సూడ్డానికొచ్చినోలికి కూడొండాల గదా!"

నాలుగే కిలోమీటర్లు.
వెనక సీట్లో కిటికీ పక్కన దాలమ్మ,
ఒళ్ళో రేగుపళ్ళ పొట్లం,
కారంతా మెత్తళ్ళ వాసన.

చింతచెట్ల నిండా గూడబాతులు.
పిల్లలు తల్లి గొంతు సంచిలోకి తల దూర్చి
భుజాల దాకా దిగబడి తింటున్నాయి.
దాలమ్మ పెదాలు కదుపుతూ ఏదో లెక్క కట్టింది.
"ఓలమ్మో, ఒక్క పూటకి ఎంత సేప కావాలో!"
చాలాసేపటికి మళ్ళీ అంది,
"కంచాలు తోమక్కర్నేదు, అదొక్కటే సుకం."

పొద్దు వాలింది. మంచు మొదలైంది.
చూస్తే ముందు గట్టు, పక్కన కాలవ.
ఈసారి బండి ముక్కు ఎటూ పోదు.
కృపావతి గేరు మీద చెయ్యేసి కళ్ళు మూసుకుంది.
దాలమ్మ దిగింది.
కొంగు బిగించి కారు వెనక నిలబడి
కూరలు వడ్డించే ఆ చెయ్యే ఊపుతూ
"రా... రా... బయపడక...
ఇంకొంచెం... ఇంకొంచెం...
సాలు."