రెండు సెకన్ల వెనక

పెన్‌డ్రైవ్‌ని ఆమె బిస్కెట్ల రేకుడబ్బాలో తెచ్చింది,
టిష్యూ కాగితంలో చుట్టి,
ఊడిన పన్ను తెచ్చినట్టు.
పక్కింటి డోరీన్. బార్న్‌స్లీలో మా వీధి మొత్తానికి
ఇంకా గుమ్మం మెట్టు కడిగే మనిషి ఆవిడొక్కతే.
"నీకు కంప్యూటర్లు తెలుసుగా" అంది.
నేను ఆసుపత్రిలో రక్తం గొట్టాల మీద
పేర్లు అంటించేదాన్ని.
మొహమాటానికి తెలుసన్నాను.

లోపల ఒకటే ఫైలు.
పేరు చివర చుక్క, చుక్క పక్కన మూడక్షరాలు,
ఎక్కడా వినని ఇంటిపేరు.
నొక్కితే, తెరవలేను అంది ప్లేయరు.
క్షమించమని కూడా అంది,
ఎంతైనా ఈ దేశపు మర్యాద.

ఇంకో ప్లేయరు దించాను.
తెరంతా ఆకుపచ్చ,
పాచిపట్టిన నూతి అడుగున ఎవరో నడుస్తున్నట్టు.
మరొకటి దించాను. బొమ్మ తలకిందులు.
దానికేదో కోడెక్ కావాలట. కోడెక్ దగ్గరికెళ్తే
అది మరో కోడెక్ సంతకం తెమ్మంది.
మా తాలూకా ఆఫీసు గుర్తొచ్చింది.

డోరీన్ టీ తాగడం మరిచిపోయింది.
"నార్మన్ పావురాలు. రెండువేల ఆరు.
ఆ కెమెరా కొన్నందుకు
నాలుగురోజులు అతనితో మాట్లాడలేదు నేను."

ఐదో ప్లేయరులో కదిలింది.
చెక్కల గూడు, వాన వెలిసిన పెరడు,
టోపీ పెట్టుకున్న పొడుగాటి మనిషి
ఒక రేకుడబ్బాను ఆడిస్తున్నాడు.
గింజల చప్పుడు లేదు.
నోరు తెరిచాడు. మూశాడు.
మూసిన నోట్లోంచి అప్పుడొచ్చింది గొంతు:
రా, రా, రావే పిల్లా.
పావురం వాలి, రెక్కలు ముడిచి, గింజ ఏరుకుంటుంటే
రెక్కలు కొట్టుకున్న చప్పుడు
తీరిగ్గా వచ్చి చేరింది.

"ఆగండి, శబ్దం వెనకబడింది, సరిచేస్తాను" అన్నాను.
ఆవిడ నా మాట వినలేదు. నవ్వుతోంది.
"అచ్చం ఇంతే! ఉప్పందించు అంటే
నేను లేచి తెచ్చుకున్నాక 'ఏమన్నావ్?' అనేవాడు.
పెళ్లి సంగతి నేనే అడిగాను, షెఫీల్డు బస్టాండులో.
బస్సు ఎక్కాడు. బస్సు కదిలింది.
అప్పుడు కిటికీలోంచి అరిచాడు, సరే అని.
బస్సులో వాళ్లందరూ చప్పట్లు."

నాకు ఊరుకోబుద్ధి కాలేదు.
ఆ రాత్రి ఫైలును కొత్త అచ్చులోకి మార్చడానికి పెట్టాను.
పదకొండు శాతం. పన్నెండు.
పెట్టె లోపలి ఫ్యాను జలుబు చేసిన పిల్లాడిలా.
ఖాళీగా కూర్చోలేక నా పాత ఫోల్డరు తీశాను.
హాస్టల్లో ఉండగా ఏదో తెలుగు ఫాంటులో కొట్టుకున్న డైరీ.
ఆ ఫాంటు ఇప్పుడెక్కడా లేదు.
పేజీల నిండా డాలర్లూ, బ్రాకెట్లూ, సగం సగం కొమ్ములూ.
ఒకచోట మూడుసార్లు వరసగా ఒకే గుర్తుల గుంపు.
ఎవరి పేరో అయ్యుంటుంది.
ఎవరిదో నాకూ తెలియలేదు.

తెల్లారేసరికి నార్మన్ బాగుపడ్డాడు.
పెదవికి మాట, రెక్కకి చప్పుడు,
గింజకి గలగల.
డోరీన్ మొదట్నుంచి చివరిదాకా చూసింది,
చేతులు ఒళ్లో పెట్టుకుని, డాక్టరు గదిలోలా.
"చక్కగా ఉంది" అంది.
కాసేపాగి,
"ఇతనెవరో బాగా చురుకైనవాడు" అంది.
గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది.
"ఆ పాతది చెరిపేశావా?"

చెరపలేదు.
ఆదివారం నాలుగింటికి వస్తుంది.
అదే రేకుడబ్బా. మూత మీద కోట బొమ్మ,
తెరలో నార్మన్ చేతిలో ఉన్నదీ అదే కోట,
నాకు మూడోవారానికి గానీ కనబడలేదు.
ఈమధ్య అతని గొంతు రాకముందే నవ్వేస్తోంది.

కంప్యూటరు రోజూ మూలనుంచి అడుగుతుంది,
అప్‌డేట్ చెయ్యనా అని.
చేస్తే ఆ ఐదో ప్లేయరు పోతుంది.
తర్వాత, అని నొక్కుతాను.
కొంచెం ఆలస్యంగా.