గోడలకు చెవులు

అల్ ఐన్‌ల నా పని గాజుసామాను కడుగుడు.
పొద్దుగాల ఆరింటికే ల్యాబు తాళం తీస్త.
ఏసీ చలికి వేళ్ళు కొంకర్లు పోతయి,
బయట అప్పటికే రోడ్డు సెగ గక్కుతుంటది.

గినియా పంది అంటే పంది కాదు,
గుప్పిట్ల పట్టే జీవి.
దాని గుండె ఉప్పునీళ్ళ గొట్టంల
దారానికి యాలాడుతది.
మనుషులు లేచిపోయిన ఇంట్ల గడియారం తీరు
కొట్టుకుంటనే ఉంటది.
హిస్టమిన్ ఒక్క చుక్క ఏస్తే
కాయితం మీద గీత గుర్రమెక్కుతది.

అదే చుక్క ఎలుక గుండెకేస్తే
గీత కదలదు.
ఇంకో చుక్క.
ఊహూఁ.
"చెవిటిదా మేడమ్?" అన్న.
డాక్టర్ హెస్సా నవ్వలే. వచ్చీరాని హిందీల చెప్పింది:
"ఆ కండకు ఈ మాట వినే చెవి లేదు.
కుందేలు గుండె కొంత ఒకటో చెవితోని, కొంత రెండో చెవితోని ఇంటది.
మనిషిది ఎక్కువ రెండోదే.
మూడోది నరాల కొసల కూసోని, చాలు ఇగ ఆపు, అంటది.
నాలుగోది నెత్తుట్ల తెల్లకణాలకు, అన్నిటికీ కాదు."
"మరి ఒంటెకు?"
"నేను చూడలే."

గోడలకు చెవులుంటయని
క్యాంపుల జీతం ముచ్చట కూడా గొంతు తగ్గించి మాట్లాడుకుంటం.
కణం గోడకు కూడానా!

రంజాన్‌కు ముందటి శుక్రవారం
ఖర్జూరం తోటల నీళ్ళు కట్టే లింబాద్రిని
సంసం చీమ కుట్టింది.
నల్లటి చీమ, గింతంత.
బీడీ ముట్టిచ్చి ఆర్పేంతల
ఒళ్ళంత దద్దుర్లు, పెదవులు పూరీల తీరు,
ఊపిరిల పిల్లనగ్రోవి.
ఫోన్ చేసి, అంబులెన్స్ వచ్చేదాక ఏం చెయ్యాల్నో తెల్వక
ఆయన ఎద మీద చెవి పెట్టిన.
లోపల గినియా పంది.
నేను రోజూ చూసే గీతే, పరుగుల.

తర్వాత హెస్సాను అడిగిన, అంత విషముంటదా దాంట్ల అని.
విషం చీమదే, అన్నది.
లొల్లి మాత్రం ఆయన ఒంటిది.
కణాల సంచులల్ల కట్టిపెట్టుకున్న హిస్టమిన్
ఒక్కసారే మూతి విప్పింది.
తొమ్మిదేండ్లల్ల మేస్త్రి మీద ఒక్కసారన్న
గొంతెత్తని మనిషి లింబాద్రి.

తొడల సూది పొడిచిన్రు, బతికిండు.
దవాఖాన్ల ఆరెంజి ఒలుచుకుంట చెప్పిన:
"అన్నా, నీది ఎలుక గుండె అయితే గింత దడ పుట్టకపోవునేమో."
"ఎలుకకు వీసా ఎవడిస్తడు?" అన్నడు.
తొక్క నాకే ఇచ్చిండు, చెత్తడబ్బాల వెయ్యమని.

తెల్లారి మళ్ళ ఆరింటికి తాళం తీసిన.
ఎలుకల పంజరం ముందట నా చెప్పుల చప్పుడుకే
పలుచటి గులాబి చెవులన్నీ ఒక్కపారి లేచినయి.
మేత ఏసిన.
గొట్టం కడిగి, తలకిందులు బోర్లిచ్చిన.
ఒక చుక్క అంచుకే పట్టుకొని ఉంది, పడలే.