మూడు గ్రాములు

నేవీ వాళ్ళు పోర్ట్‌బ్లెయిర్ బదిలీ మీద పోతూ
ఫ్రిజ్జు అమ్మేశారు, కుండీలు పక్కింటికిచ్చారు,
తాబేలుపిల్లని మాత్రం
కొలతలకొచ్చిన చనువుతో నా చేతిలో పెట్టారు.
"ఆంటీ, వీడి పేరు కెప్టెన్" అంది వాళ్ళ పిల్ల ఇషిత.

మల్కాపురంలో ఇరవయ్యేళ్ళుగా
కెప్టెన్ల తెల్ల ప్యాంట్లు బిగించాను, వదులు చేశాను.
కెప్టెన్ ముక్కు తుడవడం ఇదే మొదలు.

ముక్కు కొసన బుడగ.
ఊపిరి తీసినప్పుడల్లా
నూనె చాలని మిషన్‌లా చిన్న కిర్రు.
కళ్ళు, చుట్టూ కుట్టి ఇంకా కొయ్యని కాజాలు.
వేలితో నొక్కితే డిప్ప
నానిన అట్టముక్కలా లొంగింది.
చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

పశువులాసుపత్రిలో డాక్టర్ హైమ
"ఆవులూ కుక్కలూ మేకలూ, నా చదువు అంతవరకే" అని
ఫోను పట్టుకుని వరండాలోకి పోయి
ఎవరో సీనియర్ని అడిగొచ్చింది.
ముందుకాలికి సూది, మూడురోజులకొకటి.
రోజూ గోరువెచ్చని నీళ్ళలో ఇరవై నిమిషాలు.
ఎండ. ఎండ లేకపోతే ఏదో ఒక వేడి.
డిప్పకి సున్నం అందాలి.

సున్నం కోసం కొండ దాటి
యారాడ ఇసుకలో వంగి వంగి
సముద్రపు నురుగు ఏరాను,
ఆ పేరుతో ఒడ్డుకొచ్చే తెల్లటి ఎముక.
గోకితే, బట్టమీద గీతగీసే సుద్దే.
కాస్త ఉప్పు వాసన.

వేడికి మిషన్ బల్బుంది.
సూది మీదనుంచి తిప్పి టబ్బు మీదకు వంచాను.
ఆ నెల కుట్టినవన్నీ కిటికీ వెలుగులో కుట్టినవే.
ఒక లెఫ్టినెంట్ జేబు పావంగుళం పక్కకి పోయింది,
ఎవరూ చూళ్ళేదు.
కిటికీ తీస్తే పోర్టు బొగ్గుపొడి, మూస్తే చీకటి.
రోజుకి రెండుసార్లు కెప్టెన్ వీపు తుడిచి
తడిగుడ్డ మీద నల్లచారని చూసేదాన్ని,
మా వీధి ఊపిరితిత్తుల లెక్క అందులో రాసున్నట్టు.

ఆదివారం ఫోను.
"ఆంటీ, తింటున్నాడా?"
"తింటున్నాడమ్మా."
టబ్బులో మందారరేకులు
వేసినవి వేసినట్టే వాడుతున్నాయి.

మూడో వారం పోర్టులో మూడో నంబరు ఎగరేశారు.
కరెంటు పోయింది.
బల్బు గాజు వేలికింద చల్లారిపోయింది.
తలుపు సందులోంచి అసిరమ్మ:
"తాబేలుకి ఏటే ఈ గోల? ఒగ్గేయ్, బతికితే బతుకుద్ది."
ఒగ్గలేదు.
లైనింగు గుడ్డలో చుట్టి
జాకెట్టుకీ కుచ్చెళ్ళకీ మధ్య
ఒట్టి పొట్టకి ఆనించుకుని గోడకి చేరబడ్డాను.
రాత్రంతా పైన రేకుల చప్పుడు.
అరవై గ్రాముల చల్లదనం
నెమ్మదిగా నా వేడిని నేర్చుకుంది.
ఏ జాముకో, ఒక గోరు
టేపు మీద మొదటి గీతంత మేర కదిలింది.
చక్కిలిగింతకి నవ్వొచ్చింది.
తర్వాత ఏడుపొచ్చింది. ఎందుకో వెతకలేదు.

కరెంటొచ్చిన నాలుగోరోజు, ముక్కలూడుస్తూ చూశాను:
మందారరేకు అంచున అర్ధచంద్రం లేదు.
నా కత్తెర వెయ్యని కోత.
ఏ జాకెట్టు మెడా అంత గుండ్రంగా నేను తియ్యలేదు.

ఊళ్ళో గ్రాముకి విలువిచ్చేది బంగారం కొట్లోనే.
కురుపాం మార్కెట్లో ఆచారిగారి త్రాసు
కిందటి నెల అరవై ఒకటి చూపింది.
ఇప్పుడు అరవై నాలుగు.
ఆయన నవ్వలేదు. చీటీ తీసి బరువు రాశాడు.
తరుగు: లేదు.
మజూరీ దగ్గర ఆగి, నా మొహం చూసి,
ఖాళీగా వదిలేశాడు.

ఆదివారం మళ్ళీ అదే అన్నాను, "తింటున్నాడమ్మా."
అవతల పిల్లకి తేడా తెలీలేదు.

ఇవాళ వీడు నీళ్ళలోంచి తప్పించుకుని
ఇస్త్రీ చేసిన తెల్ల ప్యాంటు ఎక్కాడు,
తోటకూర తొక్కిన కాళ్ళతో.
మోకాలి నుంచి మడత దాకా నాలుగు పచ్చటి అడుగులు.
రేపు డెలివరీ.
ఉతకాలి.
ఇంకా ఉతకలేదు.