పదిహేడు గీట్లు

రాచెస్టర్‌లో ఫిబ్రవరి.
బయట జెనసీ నది సగం గడ్డకట్టి, సగం గొణుక్కుంటోంది.
లోపల మా చీకటి గదిలో
నల్లగుడ్డ ముందు ఒక్క దీపం,
దీపం కింద నా గ్లవ్స్ వేళ్ల మధ్య తిరిగే కటకం.

కటకాన్ని పరీక్షించడమంటే
దాన్లోంచి సాఫీగా దాటిపోయే వెలుగును వదిలేసి
తోవలో ఎక్కడ తట్టుకుని చెదిరిందో
ఆ ఒక్క మెరుపు కోసం కాచుక్కూర్చోవడం.

ఫారంలో రెండే గళ్లు: గీత, గుంట.
నాకేమో నోటినిండా ఉన్నాయి,
గీటు, గాటు, గంటు, నొక్కు, సొట్ట,
పొక్కు, పెచ్చు, బీట, నెర్రె.
ఒక్కోదానిది ఒక్కో పుట్టుక, ఒక్కో నేరం.
అన్నిటినీ మింగేసి నంబరు రాస్తాను.

"ఎంచబోతే మంచమంతా కంతలే" అని
చేరిన కొత్తలో నాలో నేను గొణుక్కుంటే
పక్కసీటు వాండా అర్థమడిగింది. చెప్పాను.
"ఎన్ని కంతల దాకా ఆ మంచం మీద పడుకోవచ్చో
చెప్పడానికే కదా మనకు జీతం" అంది.

జనవరి చివర్లో మొదలైంది.
ఒకటే రకం గీటు.
అంచుకి నాలుగు మిల్లీమీటర్లు లోపల,
తల లావు, తోక సన్నం.
పాలిష్ పిండిలో పలుకేదో దొర్లిందనుకున్నాం.
పిండి మార్చారు.
తారు పళ్లెం చెక్కేసి మళ్లీ పోశారు.
గీటు మానలేదు.

పదిహేడింటినీ కాగితం మీద
ఒకే వలయంలో వేశాను.
ఒకదాని మీద ఒకటి పడి
అన్నీ ఒకే పక్కకి వాలాయి,
కుడిచేత్తో కటకం ఎత్తే మనిషి
చిటికెన వేలు ఎటు వాలుతుందో అటు.

మెర్విన్ ఆస్ట్రాండర్.
ముప్పైయొక్కేళ్లుగా పాలిష్ పడుతున్నాడు.
ఆయన చేతి కటకాల్లో ఇన్నాళ్లూ
నేను చూసింది ఏమీ లేకపోవడమే.
క్రిస్మస్‌కి ముందు లోర్నా పోయింది.
కార్డు మీద అందరం సంతకాలు పెట్టాం,
నా పేరుకి చోటు చాలక అంచున నిలువుగా రాశాను.

భోజనాల గదిలో చూశాను.
చిటికెన వేలికి ఆడవాళ్ల ఉంగరం,
కణుపు దాటించి ఎలా ఎక్కించాడో,
అందులో ఆవగింజలో సగం వజ్రం.
ఉంగరాలు నిషేధమని గోడ మీద బోర్డు.
ఆ బోర్డు కిందే కూర్చుని తింటాడు.

ఎటూ పనికిరానిదే కదా అని
ఒక కటకాన్ని కొలబల్ల మీద పెట్టి సూది దించాను.
సూది మొనా వజ్రమే.
తెర మీద ఆర్, దాని పక్కన చిన్న ఏ,
గరుకుదనం సగటుకి పొట్టిపేరు.
నేను మాత్రం మొదట్నుంచీ దాన్ని 'రా' అనే చదువుతున్నా.
రా, రా అంటూ చదునంతా నడిచి
ఒక్కచోట లోపలికి దిగింది సూది,
వజ్రం నడిచిన దారిలో వజ్రం.
మళ్లీ పైకొచ్చి ఏమీ ఎరగనట్టు సాగింది.

'కారణం' అన్న గడిలో
"చేత్తో ఎత్తడంలో" అని రాశాను.
అబద్ధం కాదు. పూర్తిగా నిజమూ కాదు.
పేరు గడి ఖాళీ.

కాగితం ఆయన ముందు పెట్టాను.
పదిహేడు గీట్లనూ చాలాసేపు చూశాడు,
ఎవరి అక్షరాలో గుర్తుపడుతున్నట్టు.
"ఎంత లోతు?"
"పాయింట్ నాలుగు మైక్రాన్.
వెంట్రుకని నూట డెబ్బై పొరలు చీలిస్తే, ఒక పొర."

"అంతేనా" అన్నాడు.

గ్లవ్ తీశాడు, వేలు దగ్గర చిన్న చిల్లు.
ఉంగరాన్ని తిప్పాడు, లాగాడు.
కణుపు దగ్గర ఆగిపోయింది.
నేను వెళ్లి సబ్బు తెచ్చాను.